నెమ్మదిగా పోయే జీపుకు కరెంటు చాలుతుందా?

పాత సైకిలుకు బిగించిన డైనమోను మీలో కొందరైనా చూసే ఉంటారు. జోరుగా తొక్కితే దీపం ధగధగా వెలుగుతుంది. ఎత్తు ఎక్కుతూ నెమ్మదిస్తే మినుకుమినుకుమంటుంది. ఈ చిన్న సంగతిని గుర్తుంచుకోండి. కొండదారుల్లో తిరిగే జీపు కథంతా ఇందులోనే ఉంది.

కొన్నేళ్ళ క్రితం మా పదవ తరగతి పిల్లలను మారేడుమిల్లి అడవులు చూపించడానికి అద్దె జీపులో తీసుకువెళ్ళాను. తిరిగి వచ్చేసరికి చీకటి పడింది, వాన పట్టుకుంది. బురదదారిలో జీపు మొదటి గేరులో పాకుతున్నట్టు సాగుతోంది. హెడ్‌లైట్లు, అదనంగా బిగించిన రెండు లైట్లు, వైపర్లు అన్నీ పనిచేస్తున్నాయి. రెండు గంటలు గడిచేసరికి వెలుగు పచ్చబడిపోయింది. పక్కన చూస్తే లోయ! డ్రైవరు జీపు ఆపి, అదనపు లైట్లు ఆర్పి, ఇంజనును కాసేపు వేగంగా తిప్పాడు. వెలుగు మళ్ళీ తెల్లబడింది. "బ్యాటరీ కొత్తదేనండీ మాస్టారూ, మరి ఎందుకిలా అయింది?" అన్నాడు.

తప్పు బ్యాటరీది కాదు. బ్యాటరీ నీళ్ళ తొట్టి వంటిది. అందులో నీరు పోసేది ఆల్టర్నేటరు. పోసేదానికన్నా తోడేది ఎక్కువైతే ఎంత కొత్త తొట్టి అయినా ఖాళీ కాక తప్పదు కదా!

లోపల ఏముంది?

తీగచుట్ట దగ్గర అయస్కాంతాన్ని కదిలిస్తే చుట్టలో విద్యుత్తు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే కనుగొన్నాడు. ఆల్టర్నేటరులో తిరిగే భాగం రోటరు. అది ఒక విద్యుదయస్కాంతం. దాని చుట్టూ కదలకుండా ఉండే తీగచుట్టలు స్టేటరు. ఇంజను బెల్టు రోటరును తిప్పుతుంది. అప్పుడు స్టేటరులో ఏకాంతర విద్యుత్తు పుడుతుంది. బ్యాటరీకి కావలసింది ఏకముఖ విద్యుత్తు. ఈ మార్పును డయోడ్లు చేస్తాయి. వోల్టేజి సుమారు 14 దాటకుండా రెగ్యులేటరు కాపలా కాస్తుంది.

పూర్వం కార్లలో డైనమోలు ఉండేవి. నెమ్మదిగా తిరిగేటప్పుడు అవి బ్యాటరీని దాదాపు నింపలేకపోయేవి. సిలికాన్ డయోడ్లు వచ్చాక, 1960లో అమెరికాలో క్రైస్లర్ సంస్థ వేలియంట్ కారులో ఆల్టర్నేటరును అమర్చింది. క్రమంగా అన్ని వాహనాలకూ అదే వచ్చింది.

ఎంపికకు ఒక లెక్క

మన జీపునే తీసుకుందాం. రెండు హెడ్‌లైట్లకు 110 వాట్లు, వైపర్లు, వెనుక దీపాలు, మిగిలినవాటికి 130 వాట్లు అనుకోండి. మొత్తం 240. దీన్ని 14 వోల్టులతో భాగిస్తే సుమారు 17 ఆంపియర్లు. అదనపు లైట్ల 110 వాట్లు కలిపితే 350 వాట్లు, అంటే 25 ఆంపియర్లు.

ఆల్టర్నేటరు మీద 45 ఆంపియర్లు అని రాసి ఉందనుకోండి. చాలునని సంబరపడకండి! ఆ అంకె రోటరు నిమిషానికి సుమారు 6,000 చుట్లు తిరిగినప్పటిది. జీపు బురదలో పాకేటప్పుడు రోటరు అందులో మూడోవంతే తిరగవచ్చు. అప్పుడు వచ్చేది 20 ఆంపియర్లే అనుకుంటే, 17కు సరిపోతుంది, 25కు చాలదు. లోటు 5 ఆంపియర్లు బ్యాటరీ నుంచి పోతాయి. వోల్టేజి 14 నుంచి 12కు పడిపోతుంది. ఫిలమెంటు దీపానికి ఆ కాస్త తగ్గుదలే చాలు, వెలుగు బాగా సన్నగిల్లుతుంది.

కనుక కొండదారుల బండికి ఆల్టర్నేటరు కొనేటప్పుడు అడగవలసిన ప్రశ్న "గరిష్ఠంగా ఎంత?" అని కాదు, "ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు ఎంత?" అని. మా డ్రైవరు లైట్లు పెంచాడు గాని ఈ లెక్క వెయ్యలేదు.

జాగ్రత్తలు

బెల్టు వదులైతే జారుతుంది, మరీ బిగువైతే బేరింగులు అరుగుతాయి. ఇంజను ఆపి ఉన్నప్పుడే దాన్ని చూడాలి. బురద ఎండి గాలి రంధ్రాలను మూసేస్తే ఆల్టర్నేటరు వేడెక్కుతుంది. అందుకే వాగులూ బురదా దాటి వచ్చాక శుభ్రం చెయ్యాలి. అయితే నీటిధారను సూటిగా దాని మీదికి కొట్టరాదు. ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ తీగను ఊడదీయరాదు. వోల్టేజి ఒక్కసారిగా ఎగిసి డయోడ్లు కాలిపోతాయి. బ్యాటరీ తీగలను తారుమారుగా కలిపినా అదే ప్రమాదం.

మీరూ చేసి చూడండి

మీ ఉపాధ్యాయుని సమక్షంలో, డ్రైవరు సాయంతో ఒక జీపు బ్యాటరీకి వోల్టుమీటరు కలపండి. బెల్టుకు దూరంగా ఉండండి. ఇంజను ఆపి ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు, తిరుగుతున్నప్పుడు 14 దరిదాపుల్లో కనబడాలి. ఇప్పుడు ఇంజనును నెమ్మదిగా తిరగనిచ్చి, లైట్లు ఒక్కొక్కటే వెయ్యండి. ప్రతిసారీ ముల్లు ఎక్కడ ఆగిందో రాసుకోండి. ఆ జీపు రాత్రివేళ ఎన్ని లైట్లతో కొండ దిగవచ్చో ఆ కాగితమే మీకు చెబుతుంది.