అగ్నిపర్వతము క్రింద ఏమున్నది?



హైదరాబాదు పాతబస్తీలో మొఘల్‌పురాకు చేరువనే మక్కా మసీదు కలదు. 17వ శతాబ్దమున కట్టబడిన ఆ మసీదు రాళ్లను దగ్గరగా చూచినచో తెల్లనివి, నల్లనివి, గాజువలె మెఱయునవి అగు పలుకులు ఒకదానినొకటి పెనవైచికొని కనబడును. ఇదియే గ్రానైటు. తెలంగాణపు పల్లెలలో మీరెరిగిన గుండ్లు పెక్కులు ఈ జాతివే. ఈ రాయి సుమారు 250 కోట్ల సంవత్సరముల క్రిందట కరగిన ద్రవమై భూమిలోపల నుండెను. పైకి పొంగక లోననే చల్లారెను. పిదప పైనున్న నేల వానకు, గాలికి అరిగిపోగా బయటపడెను. కావున అగ్నిపర్వతము క్రింద నేమున్నదో తెలుపుటకు ఈ రాయి మంచి సాక్షి.

కొండ క్రింద పెద్ద గుహ యొకటి యుండుననియు, అందు నిప్పుల ద్రవము సదా సలసల కాగుచుండుననియు పలువురు తలంతురు. అది నిజము కాదు. మిక్కిలి లోతున పుట్టిన శిలాద్రవము చుట్టునున్న రాతికంటె తేలికగుటచే, నీటిలోని బెండువలె పైకి లేచును. పైనున్న రాయి గట్టిదై అడ్డగించుచోట, లేక అంత బరువైనది కానిచోట, అది నిలిచి పొరలు పొరలుగా పఱచుకొనును. పెక్కు అగ్నిపర్వతముల క్రింద ఈ నిలువ సుమారు 3 మొదలు 10 కిలోమీటర్ల లోతున నుండును.

చెఱకుపాకము చల్లారునపుడు పలుకు కట్టుట మీరు చూచియే యుందురు. పలుకుల నడుమ చిక్కని పాకము మిగిలియుండును. భూగర్భములోని నిలువలో అధికభాగము ఇట్టి స్థితిలోనే యుండును. పలుకులు సగమునకు మించినచో అది కదలజాలదు. వేలకొలది సంవత్సరములు నిద్రించును. అట్లే మెల్లగా చల్లారినచో పలుకులు పెద్దవై గ్రానైటగును. బయటికి పొంగి వేగముగా చల్లారినచో పలుకులు కంటికి కానరానంత సన్నములగును. వికారాబాదు వైపున దొరకు నల్లని బసాల్టు రాయి ఇట్టిదే. అది సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల నాడు దక్కనుపై ప్రవహించిన లావా. మన నల్లరేగడి నేలలు పెక్కులు అట్టి రాయి శిథిలమగుటచేతనే ఏర్పడినవి.

నిద్రించు నిలువను మేల్కొలుపునది యేమి? క్రిందినుండి క్రొత్తగా వచ్చు వేడి ద్రవము. అది పలుకులను కొంత కరగించును, పాత ద్రవమును కదలించును. ద్రవములో నీటియావిరియు, ఇతర వాయువులును కరగియుండును. గోలీసోడా బుడ్డిలో గోలీని నొక్కగానే అణగియున్న వాయువు నురగలుగా పొంగును గదా! పైనున్న ఒత్తిడి తగ్గినపుడు శిలాద్రవమును ఆ రీతినే పొంగి, కొండను బ్రద్దలు చేయును.

ఫిలిప్పీను దీవులలోని పినటూబో కొండ సుమారు 500 సంవత్సరములు నిద్రించెను. దాని చుట్టును జనులు పైరులు వేసికొని జీవించుచుండిరి. 1991లో క్రిందినుండి వేడి ద్రవము పాత నిలువలో చొచ్చెను. చిన్న భూకంపములు మొదలయ్యెను. మే నెలలో గంధకపు వాయువు రెండు వారములలో పదిరెట్లు పెరిగెను. శాస్త్రజ్ఞులు ఈ గుర్తులను గ్రహించి హెచ్చరింపగా, వేలకొలది కుటుంబములు ఇండ్లు విడిచి పోయెను. జూను 15న కొండ బ్రద్దలయ్యెను. వానకు తడిసిన బూడిద బరువున కప్పులు కూలి వందలకొలది మరణించిరి. కాని ముందుగా కదలిపోవుటచే అంతకంటె ఎన్నో రెట్ల ప్రాణములు దక్కెను.

మన దేశమున నేడు సజీవముగానున్నది అండమాను సముద్రములోని బారెన్ దీవి యొక్కటే. అది 1787లోను, చాలకాలము నిద్రించిన పిదప 1991లోను రగిలెను. అందు జనులు నివసింపరు. మొఘల్‌పురా క్రిందనున్న నిప్పు ఏనాడో రాయి యయ్యెను. దానివలన మనకు భయము లేదు. అయినను నిద్రించు కొండ చచ్చిన కొండ కాదనియు, భూమి ముందుగా చూపు గుర్తులను చదువనేర్చుటయే ప్రాణరక్షణ మనియు గ్రహింపవలెను. ఈసారి మీ ఊరి గుండుపై కూర్చుండినపుడు, పొంగక చల్లారిన యా ద్రవమును ఒక్కసారి తలంచుకొనుడు.