పిల్లల గదికి ఏ బీరువా మంచిది?

మీ ఇంట్లో పిల్లల గదికి సొరుగుల బీరువా కొనాలనుకుంటున్నారు. నాన్నగారు ధర చూస్తారు. అమ్మ ఎన్ని బట్టలు పడతాయో చూస్తుంది. తమ్ముడికి రంగు ముఖ్యం. మరి సైన్సు చదువుకొనే మీరు చూడవలసినదేమిటి? అది పడిపోకుండా నిలుస్తుందా అన్నది!

“అంత బరువైన బీరువా ఎలా పడుతుంది మాస్టారూ?” అంటారేమో. ముందు ఈ ప్రయోగం చేయండి.

అగ్గిపెట్టెల బీరువా

నాలుగు ఖాళీ అగ్గిపెట్టెల పైతొడుగులను ఒకదానిపై ఒకటి జిగురుతో అతికించండి. లోపలి పెట్టెలే మీ సొరుగులు. ప్రతి సొరుగులో ముందువైపున ఒక రూపాయి నాణెం ఉంచండి. ఇప్పుడు ఒక సొరుగును ముప్పాతిక వంతు బయటకు లాగండి. బీరువా నిలిచే ఉంటుంది. దాన్ని మూయకుండా రెండోది, మూడోది మెల్లగా లాగుతూ పోండి. నాలుగూ లాగడం పూర్తయ్యేలోపే బీరువా ముందుకు బోర్లాపడుతుంది.

కారణమేమిటి?

వస్తువు బరువంతా ఒకేచోట పనిచేస్తున్నట్లుండే బిందువును గరిమనాభి అంటారు గదా! దాని నుంచి కిందికి గీసిన నిలువు గీత ఆధారపీఠం లోపల ఉన్నంతవరకు వస్తువు నిలుస్తుంది. సొరుగు లాగినప్పుడల్లా గరిమనాభి ముందుకు జరుగుతుంది. గీత ముందుకాళ్ళను దాటిందా, ఇక పడటమే.

అసలు ప్రమాదం పసిపిల్లలతో వస్తుంది. పైనున్న బొమ్మ కోసం వారు సొరుగులనే మెట్లుగా చేసుకుంటారు. లెక్క వేద్దాం. ఖాళీ బీరువా బరువు 30 కిలోలు, లోతు 40 సెం.మీ. అనుకోండి. గరిమనాభి ముందు అంచుకు 20 సెం.మీ. వెనుక ఉంటుంది. బీరువాను నిలిపి ఉంచే బలభ్రామకం 30 × 20 = 600. అంచు నుంచి 40 సెం.మీ. బయటకు వచ్చిన సొరుగు చివర 16 కిలోల పిల్లవాడు ఎక్కితే, పడదోసే బలభ్రామకం 16 × 40 = 640. బీరువా పిల్లవాడి మీదికే వస్తుంది!

ఇది ఊహ కాదు. ఇలాంటి బీరువాలు మీదపడి పిల్లలు చనిపోవడంతో, 2016 జూన్‌లో ఐకియా సంస్థ అమెరికాలో సుమారు 2 కోట్ల 90 లక్షల సొరుగుల బీరువాలను వెనక్కు తీసుకుంటామని ప్రకటించింది. 2022 డిసెంబరులో ఆ దేశం ఇందుకోసం ఒక చట్టమే చేసింది. దాని ప్రకారం 2023 సెప్టెంబరు నుంచి కొత్త బీరువాలు సుమారు 27 కిలోల బిడ్డ బరువుకు సమానమైన పరీక్షకు నిలవాలి.

కొనేటప్పుడు, కొన్న తరువాత

ఎత్తు తక్కువగా, లోతు ఎక్కువగా ఉన్నదాన్ని ఎంచుకోండి. దుకాణంలోనే సొరుగులు ఒక్కొక్కటిగా లాగి చూడండి. ఆ సమయంలో ఒకరు బీరువాను పట్టుకొని ఉండాలి. ఒక సొరుగు తెరిస్తే మిగిలినవి తెరుచుకోని ఏర్పాటు ఉంటే మరీ మంచిది.

బరువైన పుస్తకాలు అడుగు సొరుగులో, తేలికైన బట్టలు పైన సర్దండి. పిల్లలను ఊరించే బొమ్మలు, మిఠాయి డబ్బాలు బీరువా పైన పెట్టవద్దు. నేల ముందుకు వాలుగా ఉంటే ముందుకాళ్ళ కింద గట్టి చెక్కముక్క పెట్టి సరిచేయండి.

అన్నింటికన్నా ముఖ్యం, బీరువా పైభాగాన్ని ఇనుప పట్టీతో గోడకు స్క్రూలు వేసి బిగించడం. వడ్రంగికి అది కొద్దిసేపటి పని. గోడకు ఆనించి ఉంచితే చాలదు. ముందుకు పడే బీరువాను వెనుకనున్న గోడ పట్టుకోలేదు గదా!

ఈ సాయంత్రమే మీ ఇంటి బీరువాను పరీక్షించండి. తమ్ముడో, చెల్లాయో ఉంటే పట్టీ వేయించమని నాన్నగారికి చెప్పండి. ఎందుకని అడిగితే, అగ్గిపెట్టెల బీరువా చూపించండి.