ఆట నేర్పే బడికి బిడ్డను పంపాలా?

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పక్కన బతుకమ్మ ఆడని ఆడబిడ్డ ఉండదు. ఆ ఆటకు బడి లేదు. అమ్మను చూసి బిడ్డ నేర్చుకుంటుంది. ఏడాదికి తొమ్మిది రోజులు ఆడుతుంది. తర్వాత మళ్లీ చదువు, ఇల్లు, పని.

కొందరు పిల్లలకు ఆ తొమ్మిది రోజులు చాలవు. వాళ్ల కాళ్లు ఊరికే ఉండవు. పాట వినబడితే చాలు, ఆడతారు. బడి పండుగలో ముందు వరుసలో ఉంటారు. అప్పుడు టీచరు తల్లితో అంటుంది: "నీ బిడ్డకు మంచి కళ ఉన్నదమ్మా. ఆట నేర్పే బడిల వెయ్యి."

తల్లికి సంబురం అయితది. భయం కూడా అయితది. కోరుట్లలో బీడీలు చుట్టే తల్లి ఏం జవాబు చెప్పాలి? సిరిసిల్లలో కండెలు చుట్టే తల్లి ఏం జవాబు చెప్పాలి? పంపితే లాభం ఏమిటి? నష్టం ఏమిటి? ఒక్కొక్కటి చూద్దాం.

ఇల్లే బడి

ఆట, పాట కష్టపడి నేర్చుకోవడం మనకు కొత్త కాదు. మన ఊళ్లలో ఒగ్గు కథ చెప్పేవాళ్లు ఉన్నారు. చిందు ఆడేవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఇల్లే బడి. తల్లిదండ్రులే గురువులు.

చిందు ఎల్లమ్మ పేరు చాలామంది విన్నారు. ఆమెది ఆర్మూరు. కోరుట్ల నుండి మెట్‌పల్లి మీదుగా పోతే ఆర్మూరు వస్తుంది. ఎల్లమ్మ చిన్ననాడే ఇంట్లో వాళ్లను చూసి చిందు నేర్చుకుంది. ఆడ వేషం వేసింది. మగ వేషం కూడా వేసింది. చిందు భాగవతం రాత్రంతా సాగుతుంది. రాత్రంతా ఆడాలి, పాడాలి, మాటలు చెప్పాలి. 2005లో ఆమె చనిపోయింది. ఆమె ఆట గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు.

వేములవాడ దగ్గర హనుమాజీపేట ఉంది. ఒగ్గు కథ చెప్పిన మిద్దె రాములుది ఆ ఊరే. కవి సి. నారాయణరెడ్డిది కూడా ఆ ఊరే. నారాయణరెడ్డి చిన్నప్పుడు ఊళ్లో జానపద పాటలు, హరికథలు విని పెరిగారు. 1988లో ఆయనకు జ్ఞానపీఠ పురస్కారం వచ్చింది.

అయితే ఇంట్లో కళ లేని పిల్లలు ఎక్కడ నేర్చుకోవాలి? అందుకే బడులు వచ్చాయి.

ఆడపిల్లలకు తలుపు తెరుచుకుంది

కృష్ణా జిల్లాలో కూచిపూడి అనే ఊరు ఉంది. ఆ ఊరి పేరే ఆటకు వచ్చింది. వెనుకటి రోజుల్లో ఆ ఆట ఆ ఊరి కొన్ని కుటుంబాల మగవాళ్లే ఆడేవాళ్లు. సత్యభామ వేషం కూడా మగవాళ్లే కట్టేవాళ్లు. ఆడవాళ్లకు చోటు లేదు.

తర్వాత కాలం మారింది. కొందరు గురువులు ఆడపిల్లలకు నేర్పారు. వాళ్లలో వెంపటి చినసత్యం ఒకరు. ఆయన కూచిపూడిలోనే పుట్టారు. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. అక్కడ ఎందరో ఆడపిల్లలు నేర్చుకున్నారు. మద్రాసునే ఇప్పుడు చెన్నై అంటున్నాం.

ఆ బడిలో నేర్చుకున్న ఒక బిడ్డ శోభా నాయుడు. ఆమె 1956లో అనకాపల్లిలో పుట్టింది. వాళ్లది ఉమ్మడి కుటుంబం. ఆడపిల్లకు ఆట ఎందుకని ఇంట్లో వాళ్లు వద్దన్నారు. తల్లి సరోజినీ దేవి ఒప్పుకోలేదు. బిడ్డకు ఆట నేర్పించింది. శోభా నాయుడు డిగ్రీ కూడా చదివింది. సత్యభామగా, పద్మావతిగా ఆడి పేరు తెచ్చుకుంది. తర్వాత హైదరాబాదులో తానే గురువై ఎంతోమందికి నేర్పింది. 2001లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఆమె 2020లో చనిపోయింది.

ఇక్కడ రెండు సంగతులు చూడాలి. ఒకటి, తల్లి వెనుక నిలబడింది. రెండు, బిడ్డ ఆట నేర్చుకుంటూ చదువు విడవలేదు.

"ఆడితే పేరు చెడదా?"

ఈ భయం మన పక్క ఎక్కువ. దానికి కారణం ఉంది. వెనుకట ఆడపిల్లను దేవుని పేరు మీద విడిచేవాళ్లు. జోగిని అనేవాళ్లు. ఆమెతో ఆడించేవాళ్లు. ఆమె బతుకు ఆగం చేసేవాళ్లు. ఆ బాధ పడ్డది ఎక్కువగా పేద దళిత ఆడబిడ్డలే. అందుకే "ఆట" అనగానే తల్లి గుండె దడదడలాడుతుంది.

జోగిని చేయడం నేరం. 1988లోనే మన రాష్ట్రంలో దానికి చట్టం వచ్చింది. అప్పుడు మనది ఆంధ్రప్రదేశ్. తప్పు ఆటది కాదు. తప్పు ఆడపిల్లను అట్లా వాడుకున్న వాళ్లది. ఆట నేర్చుకున్న బిడ్డ పేరు చెడదు.

బడిలో రోజు ఎట్లా గడుస్తుంది?

ఆట బడి అంటే రోజూ పండుగ అనుకోవద్దు. తెల్లవారక ముందే లేవాలి. ముందు ఒళ్లు వంచాలి. తర్వాత అడవులు మొదలు. అడవులు అంటే చెట్లు కాదు. ఆటలో మొదటి అడుగులకు ఆ పేరు. మనం అక్షరాలు దిద్దినట్టు పిల్లలు అడవులు దిద్దాలి.

మోకాళ్లు సగం వంచి నిలబడాలి. దాన్ని అరమండి అంటారు. వంచిన కాళ్లతోనే అడుగు వేయాలి. ఒక్కో అడుగు మూడు వేగాల్లో వేయాలి. మొదట మెల్లగా, తర్వాత దానికి రెట్టింపు, ఆ తర్వాత ఇంకా రెట్టింపు. తప్పితే మళ్లీ మొదటి నుండి. గురువు తట్టుకర్రతో చెక్క మీద తాళం వేస్తారు. అడుగు ఆ తాళం తప్పకూడదు.

అడుగులు వస్తే చాలదు. కళ్లతో, చేతులతో కథ చెప్పాలి. పాట అర్థం తెలియాలి. కూచిపూడిలో తరంగం అనే ఆట ఉంది. ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి ఆడతారు. పళ్లెం జరుగుతుంది, మనిషి పడదు. అది ఒక్కనాడు వచ్చేది కాదు. ఏండ్లు పడుతుంది.

లాభాలు

మొదటి లాభం ధైర్యం. నలుగురిలో తల ఎత్తి నిలబడటం వస్తుంది. సంతకం నేర్చిన నాడు మనకు ఎంత ధైర్యం వచ్చింది? బిడ్డకు కూడా అట్లాంటి ధైర్యమే వస్తుంది.

రెండోది, ఒళ్లు గట్టిపడుతుంది. దమ్ము నిలుస్తుంది.

మూడోది, ఓపిక వస్తుంది. ఒక పనిని నూరుసార్లు చేసి బాగు చేసుకోవడం తెలుస్తుంది. అది చదువులో కూడా పనికి వస్తుంది.

నాలుగోది, బతుకుతెరువు. బాగా నేర్చుకుని సర్టిఫికెట్ పొందితే టీచరు కావచ్చు. ఇంటి దగ్గర పిల్లలకు నేర్పవచ్చు. హైదరాబాదులో తెలుగు విశ్వవిద్యాలయం ఉంది. అది 1985లో మొదలైంది. ఇప్పుడు దానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. హనుమాజీపేట నారాయణరెడ్డి ఒకప్పుడు దానికి వైస్ చాన్సలరుగా పని చేశారు. అక్కడ ఆటలో, నాటకంలో, జానపద కళల్లో పెద్ద చదువులు ఉన్నాయి.

నష్టాలు

మొదటిది, బతుకుతెరువు అందరికీ దొరకదు. 2014 డిసెంబరులో హైదరాబాదులో ఆరు వేల మందికి పైగా ఒకేసారి కూచిపూడి ఆడారు. గిన్నిస్ రికార్డు వచ్చింది. నేర్చుకునేవాళ్లు అంతమంది ఉన్నారు. ఆటనే నమ్ముకుని బతికేవాళ్లు తక్కువ. ఉద్యోగాలు కూడా తక్కువ. ఈ మాట తల్లికి ముందే తెలియాలి.

రెండోది ఖర్చు. ఫీజు ఒక్కటే కాదు. గజ్జెలు, బట్టలు, నగలు, బస్సు చార్జీలు ఉంటాయి. నేర్చుకున్నాక మొదటిసారి అందరి ముందు ఆడటాన్ని అరంగేట్రం అంటారు. హాలుకు, వాయించేవాళ్లకు, బట్టలకు చాలా పైసలు అవుతాయి. దానికి అప్పు చేసినవాళ్లు ఉన్నారు. అరంగేట్రం పెద్దగా చేయకుంటే విద్య పోదు. సంఘంలో అప్పు తీసి అరంగేట్రం చేయవద్దు.

మూడోది ఒంటి నొప్పులు. మోకాళ్లు, మడమలు, నడుము గుంజుతాయి. గట్టి బండల మీద రోజూ ఆడితే ఇంకా ఎక్కువ. ఎదిగే పిల్లకు రక్తం తక్కువ ఉంటే కళ్లు తిరుగుతాయి. కడుపునిండా తిండి కావాలి. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు కావాలి. కంటినిండా నిద్ర కావాలి. నొప్పి తగ్గకుంటే ఆట ఆపి డాక్టరుకు చూపించాలి.

నాలుగోది మనసు నొప్పి. "నల్లగున్నవ్, లావుగున్నవ్, నువ్వు వెనుక నిలబడు" అనేవాళ్లు ఉంటారు. పిల్ల లోపలే ఏడుస్తుంది. గట్టిగా నేర్పడం వేరు, చిన్నబుచ్చడం వేరు. బడిలో పిల్లలను కొట్టవద్దని, మనసు నొప్పించవద్దని 2009 విద్యా హక్కు చట్టం చెబుతోంది.

అయిదోది చదువు. పొద్దున ఆట, సాయంత్రం ఆట అయితే పిల్ల అలిసిపోతుంది. లెక్కలు, సైన్సు వెనుకబడతాయి. కొందరు పదో తరగతి కూడా పూర్తి చేయరు. ఆటలో పైకి రాకుంటే అప్పుడు రెండూ పోతాయి. అన్ని నష్టాల్లో ఇదే పెద్దది.

ఆరోది భద్రత. చెన్నైలో కళాక్షేత్ర అనే బడి ఉంది. రుక్మిణీదేవి 1936లో దాన్ని పెట్టారు. మదనపల్లెలో పుట్టిన యామినీ కృష్ణమూర్తి అక్కడే నేర్చుకుని దేశమంతా పేరు పొందారు. అంత పేరున్న బడిలో 2023లో విద్యార్థినులు నిరసనకు కూర్చున్నారు. తమను లైంగికంగా వేధిస్తున్నారని చెప్పారు. పోలీసులు ఒక అధ్యాపకుణ్ణి అరెస్టు చేశారు. పిల్లలు నోరు తెరిచారు కనుకనే సంగతి బయటికి వచ్చింది. బడి పేరు పెద్దదని కళ్లు మూసుకోవద్దు. గురువు దేవుడని బిడ్డ నోరు మూయవద్దు. పద్దెనిమిదేండ్ల లోపు పిల్లలను లైంగికంగా వేధిస్తే పోక్సో చట్టం ఉంది. అది 2012లో వచ్చింది. ఆపదలో 1098కి ఫోన్ చేయవచ్చు. పైసలు పడవు.

నడిమి దారి ఉంది

ఇల్లు, చదువు విడిచి దూరం పోవడం ఒక్కటే దారి కాదు. చిన్న పిల్ల అయితే దగ్గరి ఊళ్లో నేర్పే గురువు దగ్గర మొదలు పెట్టవచ్చు. బడి విడిచాక ఒక గంట చాలు. రెండేండ్లు చూడాలి. అప్పటికీ ఆమె కాళ్లు ఆగకుంటే ముందుకు పంపవచ్చు.

హైదరాబాదు రామకోటిలో శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. అది 1952 నుండి ఉంది. అక్కడ సర్టిఫికెట్ చదువు నాలుగేండ్లు. ఆ తర్వాత డిప్లొమా రెండేండ్లు. అంటే మొత్తం ఆరేండ్లు. ఆరేండ్లు తక్కువ కాదు. అయితే చేతికి ప్రభుత్వ సర్టిఫికెట్ వస్తుంది.

పేద పిల్లలకు ఇంకొక సాయం ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఆర్‌టీ 10 నుండి 14 ఏండ్ల పిల్లలకు పరీక్ష పెడుతుంది. ఆటలో, పాటలో మంచి నేర్పు ఉన్నవాళ్లకు ఉపకార వేతనం ఇస్తుంది. దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో బడి టీచరును అడగండి.

బడికి పోయి అడగండి

బిడ్డను చేర్చక ముందు తల్లి ఒకసారి బడి చూడాలి. అడగడానికి సిగ్గుపడవద్దు. జవాబులు నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఇప్పుడు మనకు రాయడం వచ్చు కదా!

1. ఏడాదికి మొత్తం ఖర్చు ఎంత? రశీదు ఇస్తారా?
2. మామూలు చదువు కూడా చెబుతారా? పదో తరగతి పరీక్ష రాయిస్తారా?
3. ఇచ్చే సర్టిఫికెట్‌కు ప్రభుత్వ గుర్తింపు ఉన్నదా?
4. హాస్టలులో ఆడ వార్డెన్ ఉన్నదా? రాత్రి ఎవరు ఉంటారు?
5. బిడ్డ ఇంటికి ఎప్పుడంటే అప్పుడు ఫోన్ చేయవచ్చా?
6. ఒంట్లో బాగా లేకుంటే, బయట ఉంటే సెలవు ఇస్తారా?
7. ఎవరైనా వేధిస్తే ఎవరికి చెప్పాలి? ఆ కమిటీలో ఆడవాళ్లు ఉన్నారా?
8. నడుమ విడిచిపెడితే కట్టిన ఫీజు తిరిగి ఇస్తారా?

జవాబు చెప్పడానికి ఇష్టపడని బడిలో బిడ్డను వేయవద్దు.

చివరి మాట ఎవరిది?

ఆట తల్లి కోరిక కావచ్చు. టీచరు కోరిక కావచ్చు. కాళ్లు మాత్రం బిడ్డవి. అందుకే ఆమెను పక్కన కూచోబెట్టి అడగాలి. "పొద్దుగాల లేస్తవా? నొప్పి అయినా ఓర్చుకుంటవా? చదువు విడువకుంటవా? నచ్చకుంటే నాకు చెప్తవా?" అని అడగాలి. "అవ్వా, నాకు ఇష్టం లేదు, ఇంటికి వస్త" అంటే తిట్టవద్దు. "నలుగురు నవ్వుతరు" అని అక్కడే ఉంచవద్దు.

"ఆడపిల్లకు ఆట ఎందుకు" అని తలుపు మూయవద్దు. "పేరు వస్తది" అని చదువు మాన్పించి పంపవద్దు. ఒక చేతిలో పుస్తకం ఉండాలి. కాళ్లకు గజ్జెలు ఉండాలి. గజ్జెలు ఒకనాడు విప్పినా పుస్తకం చేతిలో మిగులుతుంది.

ఆలోచించండి, మాట్లాడుకోండి

మీ ఊళ్లో చిందు, ఒగ్గు కథ, కోలాటం తెలిసినవాళ్లు ఎవరు? వాళ్లు ఎట్లా నేర్చుకున్నారు?

మీ బిడ్డకు ఆట బడిలో చోటు వస్తే మీరు ఏం చేస్తారు? ఎందుకు?

కొడుకు ఆట నేర్చుకుంటానంటే ఏమంటారు? బిడ్డకు చెప్పిన మాటే చెబుతారా?