గోమార్ల ద్వారా థైలేరియాసిస్: కొట్టం గోడల పగుళ్లపై దృష్టి అవసరం

జెర్సీ, హోల్‌స్టీన్ సంకర జాతి ఆవులు అధికంగా పాలిచ్చినప్పటికీ, థైలేరియాసిస్ వ్యాధిని తట్టుకొనే శక్తి వాటికి దేశవాళీ పశువులకన్న తక్కువ. వ్యాధికారకమైన థైలేరియా అన్యులేటా అనే ఏకకణ పరాన్నజీవిని మన దేశంలో ప్రధానంగా హయలోమా అనటోలికం జాతి గోమార్లు (పిడుదులు) వ్యాపింపజేస్తాయి.

ఈ గోమార్ల గుడ్ల ద్వారా పరాన్నజీవి తర్వాతి తరానికి సంక్రమించదు. వ్యాధి సోకిన పశువు రక్తాన్ని పిల్ల దశలో పీల్చిన గోమారు నేలరాలి, గోడల పగుళ్లలో కుబుసం విడిచి, తదుపరి దశలో మరొక పశువుకు వ్యాధిని అంటిస్తుంది. వ్యాధి నుండి కోలుకొని ఆరోగ్యంగా కనిపించే పశువు సైతం ఇందుకు మూలం కావచ్చును. గోమారు పట్టిన వెంటనే వ్యాధి సోకదు. దాని లాలాజల గ్రంథులలో పరాన్నజీవి పరిపక్వమగుటకు సాధారణంగా రెండు, మూడు రోజులు పడుతుంది. కనుక చెవులు, పొదుగు, తోక మొదళ్లను ప్రతిదినం పరిశీలించి గోమార్లను తొలగించడం వృథా శ్రమ కాదు. పశువు ఒంటిపై మాత్రమే మందు పిచికారీ చేసి, పగుళ్లను పూడ్చకుండా వదిలివేసినచో ఫలితం స్వల్పమే.

తీవ్ర జ్వరం, భుజం ముందరి లింఫు గ్రంథుల వాపు, పాల దిగుబడి ఒక్కసారిగా పడిపోవడం తొలి లక్షణాలు. మూత్రం ఎర్రగా వచ్చినచో బెబీసియోసిస్‌ను అనుమానించవలసి ఉంటుంది. ఆ వ్యాధిని వ్యాపింపజేసే గోమార్లు వేరు. వాటిలో పరాన్నజీవి గుడ్ల ద్వారానే పిల్లలకు చేరుతుంది. రక్త పరీక్షతో థైలేరియాసిస్ నిర్ధారణ అయినచో బుపార్వాక్వోన్ ఇంజక్షన్ బాగా పనిచేస్తుంది, అయితే రక్తహీనత ముదరక ముందే వేయించాలి.