చేతులు కాదు... పేర్లు!

రోమా సంఘానికి పౌలు రాసిన పత్రికలోని చివరి అధ్యాయాన్ని చాలామంది విశ్వాసులు గబగబా చదివేసి పేజీ తిప్పేస్తారు. అందులో ప్రసంగానికి అక్కరకొచ్చే వచనాలు తక్కువ, పేర్లు ఎక్కువ. ప్రిస్కిల్ల, అకుల, త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు... ఇలా పాతికమందికి పైగా పేరుపేరునా వందనాలు చెబుతాడాయన (రోమా 16). వాటిలో కొన్ని ఆ రోజుల్లో బానిసలకు పెట్టే పేర్లని బైబిలు పండితులంటారు. ఆ బానిసలను కొనుక్కున్న ధనవంతుల లెక్కల పుస్తకాలు ఏనాడో మట్టిలో కలిసిపోయాయి. ప్రభువు కోసం ప్రయాసపడిన ఆ పనివాళ్ల పేర్లు మాత్రం రెండువేల ఏళ్ల తర్వాత కూడా మన చేతిలోని బైబిల్లో ఉన్నాయి!

పనివాడికి పేరుండటం గొప్ప విషయమా? గొప్ప విషయమే! ఉత్తర ఇంగ్లండులోని మిల్లు పట్టణాల చరిత్ర చదివితే అది తెలుస్తుంది. అక్కడి మిల్లుల్లో పనివాళ్లను ‘హ్యాండ్స్’ అనేవారు. అంటే చేతులు! ఆ మిల్లులో ఎంతమంది మనుషులున్నారని కాదు, ఎన్ని ‘చేతులు’ పనిచేస్తున్నాయన్నదే లెక్క. ఆ చేతుల వెనుక ఒక ముఖం, ఒక కుటుంబం, ఒక ఆత్మ ఉన్నాయన్న సంగతి ఆ లెక్కలో కనిపించదు.

యార్క్‌షైర్‌లోని బ్రాడ్‌ఫర్డ్ అలాంటి పట్టణమే. 1801లో అక్కడి జనాభా సుమారు 13 వేలు. 1851 నాటికి అది లక్ష దాటింది. ఉన్నిని సన్నటి నూలుగా వడికి బట్ట నేసే ‘వర్‌స్టెడ్’ పరిశ్రమకు బ్రాడ్‌ఫర్డ్ ప్రపంచ రాజధాని అయింది. చుట్టుపక్కల పల్లెల్లో కూలి దొరకని వాళ్లంతా మూటాముల్లె సర్దుకుని ఆ పొగగొట్టాల నీడకు చేరారు. పెద్దలకన్నా పిల్లలకు కూలి తక్కువ. తెగిన నూలుపోగుల్ని ముడివేయడానికి చిన్న వేళ్లయితే సులువు. అందుకే ఏడెనిమిదేళ్ల పిల్లలు కూడా మిల్లు గంట మోగగానే చీకట్లో పరుగులు తీసేవారు.

1830లో ఆ పట్టణంలో ఒక సంఘటన జరిగింది. జాన్ వుడ్ అనే విశ్వాసికి బ్రాడ్‌ఫర్డ్‌లో పెద్ద ఉన్ని మిల్లు ఉండేది. రిచర్డ్ ఓస్ట్లర్ అనే మిత్రుడు ఆయనింటికి అతిథిగా వచ్చాడు. వెస్టిండీస్ దీవుల్లోని బానిసల విడుదల కోసం ఓస్ట్లర్ అప్పటికే పోరాడుతున్నాడు. సముద్రాల అవతలి బానిసల గురించి బాధపడుతున్నావు సరే, మన మిల్లుల్లోనే చిన్నపిల్లలు నలిగిపోతున్నారు, ఆ సంగతి తెలుసా అని వుడ్ ఆయన్ని అడిగాడు. మరునాటి ఉదయం ఓస్ట్లర్ సెలవు తీసుకోవడానికి వెళ్లేసరికి వుడ్ ముందు బైబిలు తెరిచి ఉంది. రాత్రంతా నిద్రపోలేదని, చదివిన ప్రతి పేజీలోనూ తనమీద తీర్పే కనిపించిందని చెప్పి, ఆ పిల్లల కోసం పోరాడతానని ఓస్ట్లర్ చేత మాట తీసుకున్నాడాయన. ఈ సంగతి ఓస్ట్లరే తర్వాత చెప్పుకొన్నాడు.

ఆ అక్టోబరులోనే ‘లీడ్స్ మెర్క్యురీ’ పత్రికలో ఓస్ట్లర్ రాసిన ‘యార్క్‌షైర్ బానిసత్వం’ అనే లేఖ అచ్చయింది. దేశమంతా ఉలిక్కిపడింది. బ్రాడ్‌ఫర్డ్ పక్కనే ఉన్న బియర్లీలోని పాదిరి జార్జ్ స్ట్రింగర్ బుల్ ఈ పోరాటంలోకి దిగాడు. పిల్లలకు రోజుకు పది గంటలకు మించి పని ఉండకూడదని ఊరూరా తిరిగి చెప్పినందుకు ఆయనకు ‘పది గంటల పాదిరి’ అని పేరొచ్చింది. 1832 ఈస్టర్ వారంలో వేలాది కార్మికులు కాలినడకన యార్క్ నగరం చేరి సభ జరిపారు. 1833లో చట్టం వచ్చింది. బట్టల మిల్లుల్లో తొమ్మిదేళ్లలోపు పిల్లల్ని పెట్టకూడదని, పదమూడేళ్ల లోపువారికి వారానికి 48 గంటలకు మించి పని ఇవ్వకూడదని అది శాసించింది. స్త్రీలకు, పద్దెనిమిదేళ్లలోపు వారికి పది గంటల పనిదినం రావడానికి 1847 దాకా ఆగాల్సి వచ్చింది.

అయితే ఒక చేదు నిజాన్ని కూడా దాచకూడదు. ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చునే మిల్లు యజమానుల్లో చాలామంది ఈ చట్టాలను వ్యతిరేకించారు. బానిసత్వాన్ని గట్టిగా ఖండించిన జాన్ బ్రైట్ లాంటి భక్తిపరుడు కూడా, తానే మిల్లు యజమాని కావడంతో, పది గంటల చట్టానికి పార్లమెంటులో అడ్డు నిలిచాడు. పొరుగు దేశపు పాపం మన కంటికి తొందరగా కనిపిస్తుంది, మన గల్లాపెట్టెలోని పాపం కనిపించదు! జాన్ వుడ్ రాత్రంతా బైబిలు ముందు కూర్చోవడం వల్లే తన మిల్లును దేవుని వెలుగులో చూడగలిగాడు. ఆ ఉద్యమానికి తన డబ్బు ధారపోశాడు, తన మిల్లులోనే పిల్లలకు బడి పెట్టాడు.

ఇక ఆ ‘చేతుల’ వెనకున్న ఒక కుటుంబాన్ని చూద్దాం. స్మిత్ విగిల్స్‌వర్త్ పేరు పెంతెకొస్తు సంఘాల్లో తెలియనివారు తక్కువ. ప్రపంచమంతా తిరిగి స్వస్థత కూటాలు జరిపిన దైవజనుడుగా ఆయన ప్రసిద్ధుడు. ఆయన మిల్లు కూలీల ఇంటి బిడ్డ అన్న సంగతి మాత్రం తక్కువమందికి తెలుసు. 1859 జూన్‌లో బ్రాడ్‌ఫర్డ్‌కు ఉత్తరాన ఉన్న మెన్‌స్టన్ పల్లెలో జాన్, మార్తా దంపతులకు ఆయన పుట్టాడు. ఆరేళ్లకే పొలంలో టర్నిప్ దుంపలు పీకే పనికి వెళ్లాడు. ఏడేళ్లకు తండ్రి వెంట ఉన్ని మిల్లుకు నడిచాడు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు మిల్లులో ఉండటం చాలా ఎక్కువసేపు అనిపిస్తోందని ఒకరోజు ఆ చిన్నవాడు తండ్రితో అన్నాడట. తండ్రి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత ఆలస్యమైనా ఆరు గంటలు కొట్టక మానదు నాయనా అని మాత్రం ఓదార్చగలిగాడు. ఏ తండ్రికీ అలాంటి మాట చెప్పాల్సిన రోజు రాకూడదు!

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. అప్పటికి అమల్లో ఉన్న 1844 నాటి చట్టం ప్రకారం ఎనిమిదేళ్లు నిండని బిడ్డను మిల్లులో పెట్టకూడదు. పదమూడేళ్ల లోపువారికి సగంపూటే పని, మిగతా పూట బడి. మరి ఏడేళ్లవాడు పన్నెండు గంటలు ఎలా పనిచేశాడు? ఇంట్లో చెప్పుకునే జ్ఞాపకానికీ, చట్టపు పుస్తకానికీ మధ్య ఉన్న దూరం ఇదే. ఇంగ్లండులో జననాల రిజిస్ట్రేషను 1837 జూలైలో మొదలైనా, బిడ్డ పుట్టుకను నమోదు చేయించడం తల్లిదండ్రుల బాధ్యతని చట్టం గట్టిగా చెప్పింది 1874లో. అంతవరకు చాలామంది పిల్లల వయసును ఎత్తు చూసి, పళ్లు చూసి మిల్లు డాక్టరు అంచనా వేసేవాడు. ఆకలి ఉన్న ఇంట్లో వయసు ఒకటి రెండేళ్లు పెరగడం వింతేమీ కాదు. ‘హాఫ్ టైమర్లు’ అనే ఈ సగంపూట పిల్లల కనీస వయసు 1899 నాటికి పన్నెండుకు పెరిగింది. ఆ పద్ధతిని రద్దు చేసే చట్టం 1918లో గానీ రాలేదు.

స్మిత్‌కు బడి దక్కలేదు, కాని విశ్వాసం దక్కింది. అది ఇచ్చింది అతని నాయనమ్మ. ఆమె వెస్లీ కాలపు మెథడిస్టు భక్తి నేర్చిన మనిషి. ఎనిమిదేళ్ల మనుమణ్ని ఆమె తన చాపెల్‌కు తీసుకెళ్లింది. ఉదయకాల కూటంలో వృద్ధ విశ్వాసులు పొయ్యి చుట్టూ చేరి చప్పట్లు కొడుతూ పాడుతుంటే, ఆ బిడ్డ యేసుప్రభువును నమ్ముకున్నాడు. తిమోతికి అవ్వ లోయి ఎలాగో స్మిత్‌కు ఆ నాయనమ్మ అలాగ (2 తిమోతి 1:5). పదమూడేళ్లప్పుడు కుటుంబం బ్రాడ్‌ఫర్డ్‌కు మారింది. అక్కడి మిల్లులో ఆవిరి గొట్టాలు బిగించే ఒక బ్రదరెన్ విశ్వాసి అతనికి ప్లంబింగ్ పని నేర్పాడు, దానితోపాటే లేఖనాలూ నేర్పాడు. 1882లో రక్షణ సైన్యంలో సేవ చేసిన పాలీ ఫెదర్‌స్టన్‌ను స్మిత్ పెళ్లాడాడు. ఆయనకు చదవడం నేర్పింది ఆమే! బ్రాడ్‌ఫర్డ్ బౌలాండ్ వీధిలోని తమ మిషన్‌లో ఏళ్ల తరబడి ప్రసంగించింది ఆమే. నలుగురిలో మాట తడబడే భర్త పిల్లల్ని ఎత్తుకుని ప్రార్థన చేస్తూ ఉండేవాడు. ఆయన నోరు ధైర్యంగా తెరుచుకున్నది 1907లో, అప్పటికి ఆయనకు నలభై ఎనిమిదేళ్లు. 1913 జనవరి 1న పాలీ ప్రభువు నందు నిద్రించింది. కూతురు ఆలిస్ ఆఫ్రికాలో సేవ చేసింది. ఆమె భర్త జేమ్స్ సాల్టర్ కాంగో మిషనరీ.

మనం వేదికమీది ప్రసంగీకుణ్ని చూస్తాం. ఆయన వెనక ఒక నాయనమ్మ, కన్నీళ్లు మింగిన ఒక తండ్రి, పేరు కూడా తెలియని ఒక ఫిట్టరు, అక్షరాలు దిద్దించిన ఒక భార్య ఉన్నారు. కుటుంబ చరిత్ర అంటే ఇదే!

విగిల్స్‌వర్త్ జీవితాన్ని రాసినవారున్నారు. మరి పుస్తకమెక్కని వేలాది మిల్లు కుటుంబాల మాటేమిటి? వారి మనుమలు, మునిమనుమలు ఇప్పుడు రికార్డుల్లో వారిని వెతుక్కుంటున్నారు. దేశవ్యాప్తంగా ప్రతి మనిషి పేరూ రాసిన మొదటి జనాభా లెక్క 1841 నాటిది. 1851 నుంచి కచ్చితమైన వయసు, పుట్టిన ఊరు, ఇంటి పెద్దకు ఏమవుతారన్నది కూడా కనిపిస్తాయి. పెళ్లి రిజిస్టర్లలో సంతకం బదులు ‘ఇంటూ’ గుర్తు కనిపిస్తే ఆ వధువుకో వరుడికో రాయడం రాదని అర్థం. మరణ ధ్రువపత్రాల్లో ‘ఉన్ని వేరుచేసేవారి జబ్బు’ అని కనిపించవచ్చు. విదేశాల నుంచి వచ్చిన ఉన్ని, వెంట్రుకల మూటల్లో దాగిన ఆంత్రాక్స్ క్రిముల వల్ల బ్రాడ్‌ఫర్డ్ కార్మికులను కబళించిన రోగమది.

అన్నిటికన్నా గుండెను తడిమేది 1911 నాటి లెక్క. ఆ ఏడాది ఇంటి యజమాని సొంత చేతిరాతతో నింపిన కాగితాన్నే భద్రపరిచారు. పెళ్లయిన ప్రతి స్త్రీకీ ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు, ఎంతమంది చనిపోయారు అని అందులో అడిగారు. మూడు చిన్న గళ్లు, మూడు అంకెలు. మిల్లు పట్టణంలోని ఒక తల్లి జీవితకాలపు కన్నీళ్లన్నీ ఆ మూడో గడిలో ఉంటాయి!

మిల్లు ఖాతాలో ఆ పిల్లవాడు ఒక జత చేతులు. చాపెల్ బాప్తిస్మపు రిజిస్టరులో మాత్రం అతనికో పేరుంది, తల్లి పేరుంది, తండ్రి పేరుంది. మంచి కాపరి తన గొర్రెల్ని లెక్కపెట్టి ఊరుకోడు, పేరుపెట్టి పిలుస్తాడు (యోహాను 10:3). సంఘం నిజంగా ఆయన సంఘమైతే, లోకం ‘చేతులు’గా చూసేవారిని అది పేర్లతో చూడాలి. మన ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి పేరు మనకు తెలుసా? ఆమె పిల్లలు బడికి వెళ్తున్నారా? మన చర్చి కట్టిన మేస్త్రీల్లో ఒక్కరి పేరైనా గుర్తుందా? పౌలును ఈ ప్రశ్న అడిగితే ఆయన పదహారో అధ్యాయం తెరిచి చూపిస్తాడు!

మన సంఘాల్లోనూ పాత బాప్తిస్మపు రిజిస్టర్లు ఉన్నాయి, కొన్నిచోట్ల చెదలు పడుతూ! వాటిలో మన తాతముత్తాతలున్నారు, కూలినాలి చేసుకుని విశ్వాసాన్ని మనకు అందించినవారున్నారు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ వారమే వాళ్ల పక్కన కూర్చుని అడగండి. ఎవరు మొదట ప్రభువును నమ్మారు? వాళ్లు ఏ పనిచేసేవారు? ఎవరు చదువు చెప్పారు? విన్నది కాగితం మీద పెట్టండి.

ఆస్తుల దస్తావేజులను మనం ఇనప్పెట్టెలో దాచుకుంటాం. విశ్వాసాన్ని ఇచ్చినవారి పేర్లను పోగొట్టుకుంటాం. పరలోకంలో పోయేది ఆస్తి, మిగిలేది పేరు!