పిక్క నొప్పియు, మోకాటి దిగువ కాలికి కలుగు గాయములును: వాని భౌతిక చికిత్స

1. వీధు లూడ్చువారు, మురుగు కాలువలు శుభ్రపరచువారు, జవానులు, పోలీసు కొలువునకై పరుగు నభ్యసించు యువకులు మొదలగువారు దినములో పెక్కు గంటలు కాళ్లపైననే గడపుదురు. అట్టివారు పిక్క నొప్పి యని సెలవు గోరినప్పుడు సోమరితన మని త్రోసివేయుటయో, నూనె రాచి తోమించుకొమ్మని పంపివేయుటయో జరుగుచుండును. ఈ రెండును తగవు. పిక్క నొప్పి యొక వ్యాధి కాదు. పెక్కు వ్యాధులకు గురుతు. వానిలో కొన్ని వ్యాయామముచే నయమగును. కొన్నిట తోముడు ప్రాణాపాయమును దెచ్చును. కావున ముందు గుర్తింపు, పిదప చికిత్స.

2. పిక్కయందు ముఖ్యమైన కండరములు రెండు. ఇవి దిగువకు వచ్చి ఏకమై, మడమ వెనుక దళసరి త్రాడువలె నేర్పడి మడమ యెముక నంటియుండును. దీనిని జనులు మడమ నర మందురు. నడకయందు దేహభారమును ముందునకు త్రోయునవి ఈ కండరములే. ఇవి ముడుచుకొనినప్పుడెల్ల సిరలలోని రక్తము గుండెవైపునకు ఎగద్రోయబడును. కావుననే కదలక నిలుచువారి కాళ్లు బరువెక్కి వాచును.

3. తోముటకు పూర్వము విచారింపవలసిన అపాయములు నాలుగు.

(అ) శస్త్రచికిత్స, ప్రసవము, దీర్ఘకాలము మంచము పట్టుట, దూర ప్రయాణము, వీనికి పిమ్మట ఒక్క పిక్క వాచి, వెచ్చనై నొప్పి పెట్టినచో సిరలో రక్తము గడ్డకట్టెనేమో యని శంకింపవలెను. మోకాటి చిప్పకు దిగువనున్న ఎముక బొడిపెకు 10 సెంటీమీటర్ల క్రింద రెండు పిక్కల చుట్టుకొలత తీయగా భేదము 3 సెంటీమీటర్లకు మించినచో శంక బలపడును. అంతకు తక్కువైనంత మాత్రమున అపాయము లేదని తలపరాదు. అట్టి కాలిని తోమరాదు. గడ్డ విడివడి ఊపిరితిత్తులకు చేరవచ్చును. ఆయాసముగాని రొమ్ము నొప్పిగాని తోడైనచో ఆసుపత్రికి జేర్చుటలో క్షణమైనను జాగు కూడదు.

(ఆ) మడమ వెనుక నెవరో తన్నినట్లు తోచి, పిదప ఆ కాలి మునివ్రేళ్లపై లేవలేకున్నచో మడమ నరము తెగియుండవచ్చును. రోగిని బోర్ల పరుండబెట్టి పిక్కను నొక్కినప్పుడు పాదము కదలకుండుట దీనికి గురుతు. బెణుకని యెంచి వారములు గడపినచో నడక చెడును.

(ఇ) మురుగునందును వరిమళ్లయందును పనిచేయువారికి జ్వరముతో పిక్కలు మిక్కిలి నొచ్చి కన్నులెఱ్ఱబడినచో, ఎలుకల మూత్రము వలన వ్యాపించు లెప్టోస్పైరోసిస్ కావచ్చును. రోగి చేయు పని యెట్టిదో వైద్యునికి తప్పక తెలుపవలెను.

(ఈ) కొంత దూరము నడువగానే పట్టి, నిలిచిన కొలది నిమిషములకే తగ్గు నొప్పి ధమనుల ఇరుకుదనమును సూచించును. పొగత్రాగువారికిని మధుమేహము గలవారికిని ఇది హెచ్చు. వైద్య పరీక్షకు పిమ్మట క్రమబద్ధమైన నడకయే దీనికి ముఖ్య చికిత్సలలో నొకటి.

4. చీలమండ బెణికినప్పుడు ఎక్స్‌రే యెవరికి అవసరమో తెలుపు నియమములను కెనడా దేశమందలి ఆటవా నగర వైద్యులు 1992లో ప్రకటించిరి. చీలమండ నొప్పితో పాటు, గాయము తగిలిన వెంటనేయు, పరీక్షా సమయమందును నాలుగడుగులు వేయలేకున్నను, చీలమండ గుబ్బల కొనలనుగాని వాని వెనుక అంచునుగాని నొక్కినప్పుడు ఎముక నొచ్చినను ఎక్స్‌రే తీయింపవలెను.

5. కండరము కొద్దిగా చిరిగినప్పుడు మొదటి రెండు మూడు దినములు బరువు తగ్గించి, కట్టు కట్టి, కాలు ఎత్తుగా నుంచవలెను. తోముడు, కాపడము కూడవు. ఆపైన మంచము విడువకుండుట మేలుకాదు. పాదమును పైకి క్రిందికి ఆడించుట, కూర్చుండి మడమ లెత్తుట, నిలిచి రెండు మడమలు నెత్తుట, ఒంటికాలిపై లేచుట, వేగముగ నడచుట, పరుగు: ఇది క్రమము. నొప్పి మరునాటి యుదయమునకు హెచ్చినచో ఒక మెట్టు వెనుకకు రావలెను. బాగైన కాలితో సమానముగ మడమ నెత్తగల్గువరకు పరుగు తగదు.

మడమ నరము నడిమిభాగమున చిరకాలముగా నొచ్చువారికి స్వీడను దేశపు ఆల్‌ఫ్రెడ్‌సన్ 1998లో ప్రకటించిన సాధన ఉపకరించును. మెట్టు అంచున నిలిచి, నొప్పిగల కాలి మడమను మెల్లగా దించి, రెండవ కాలి సాయమున మరల లేవవలెను. మోకాలు చాచి 15 చొప్పున 3 విడతలు, వంచి 3 విడతలు. దినమునకు రెండు పూటలు, 12 వారములు.

6. పరుగు నభ్యసించువారికి కాలి ముందెముక లోపలి అంచు వెంబడి నొప్పి కలుగుట సామాన్యము. పరుగు తగ్గించిన నది శమించును. ఒక్కచోటనే నొక్కినప్పుడు తీవ్రముగ నొచ్చినను, విశ్రాంతియందును నొప్పి విడువకున్నను ఎముక చిట్లెనేమో యని పరుగు నిలిపివేయవలెను. తొలి దినముల ఎక్స్‌రేలో చిట్లుట కనబడకపోవచ్చును.

7. అధికారులు గమనింపవలసినవి: నిలిచి పనిచేయువారికి నడుమ నడుమ కూర్చుండు వీలు కల్పించుట, మురుగు పనివారికి నీరు చొరని బూట్లొసగుట, పరుగు పరీక్షలకు వారముల ముందుగనే క్రమాభ్యాసము సూచించుట, కోలుకొనువారికి కొంతకాలము తేలికపని యిచ్చుట. భౌతిక చికిత్సకులు 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ సంఘ చట్టము పరిధిలోనివారు. కావున రోగులను అర్హతగలవారి యొద్దకే పంపవలెను. సకాలమున గుర్తించి పంపిన పనివాడు తిరిగి పనికి వచ్చును. ఆలస్యమైనవాడు కాలినో, ప్రాణమునో కోల్పోవచ్చును.