హ్యాంగర్‌లో ఎనిమిది చినూక్‌లు, ఎడారిలో హెలికాప్టర్ల కరవు

2009 జులైలో బ్రిటన్ సైన్యాధిపతి జనరల్ రిచర్డ్ డానట్ అఫ్గానిస్థాన్‌లోని హెల్మండ్ రాష్ట్రానికి వెళ్లారు. అక్కడ ఆయన తిరిగింది అమెరికా వారి బ్లాక్ హాక్ హెలికాప్టర్‌లో. ఎందుకని విలేకరులు అడిగితే, బ్రిటిష్ హెలికాప్టర్ దొరకలేదు కాబట్టేనని దాచకుండా చెప్పారు. అప్పటికి బ్రిటన్ కొన్న ఎనిమిది చినూక్ ఎంకే-3 హెలికాప్టర్లు దేశానికి చేరి ఏడున్నరేళ్లు గడిచాయి. వాటిలో ఒక్కటి కూడా యుద్ధభూమిని చూడలేదు. యంత్రాలు పాడవకుండా ఉష్ణోగ్రత, తేమ అదుపులో ఉంచే షెడ్లలో వాటిని భద్రపరిచారు.

హెల్మండ్‌లో హెలికాప్టర్ లేకపోతే మిగిలేది రోడ్డు. రోడ్డు కింద పాతిపెట్టిన బాంబులు ఉంటాయి. వెల్ష్ గార్డ్స్ పటాలం కమాండర్ లెఫ్టినెంట్ కల్నల్ రూపర్ట్ థోర్న్‌లో 2009 జూన్‌లో పైఅధికారులకు ఒక నోట్ రాశారు. హెలికాప్టర్లు చాలక మనుషుల్ని రోడ్డు మీద తిప్పాల్సి వస్తోందని, దానివల్ల బాంబుల ముప్పు పెరుగుతోందని అందులో ఉంది. జులై 1న ఆయన ప్రయాణిస్తున్న వాహనం కిందే బాంబు పేలి ఆయన చనిపోయారు. ఆ తర్వాత ఆ నోట్ పత్రికల్లో వచ్చింది.

డబ్బు పెట్టి కొన్న హెలికాప్టర్లు ఒకచోట మూలన పడి ఉండగా, మరోచోట హెలికాప్టర్లు లేక మనుషులు రోడ్డెక్కాల్సిన పరిస్థితి ఎలా వచ్చింది? జవాబులో కొంత భౌతికశాస్త్రం ఉంది, కొంత సాఫ్ట్‌వేర్ ఉంది, చాలా భాగం కొనుగోలు కాగితాల్లో ఉంది.

వేడి గాలిలో బరువు

హెలికాప్టర్ రోటర్ చేసే పని, గాలిని కిందికి నెట్టడం. ఎంత ద్రవ్యరాశి గల గాలిని ఎంత వేగంతో కిందికి నెడితే అంత బలం పైకి వస్తుంది. గాలి పలచబడితే అదే బలం కోసం దాన్ని ఇంకా వేగంగా నెట్టాలి, అందుకు ఎక్కువ శక్తి కావాలి.

సముద్ర మట్టంలో, 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఒక ఘనమీటరు గాలి బరువు సుమారు 1.2 కిలోలు. హెల్మండ్‌లో బ్రిటన్ ప్రధాన స్థావరం క్యాంప్ బాస్టియన్ సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం 45 డిగ్రీలు అనుకుంటే అక్కడ ఘనమీటరు గాలి దాదాపు ఒక కిలోయే తూగుతుంది. ఐదో వంతు గాలి మాయమైనట్టే. అదే బరువును గాల్లో నిలకడగా నిలపడానికి రోటర్‌కు పది శాతానికి పైగా అదనపు శక్తి కావాలి. పైగా ఇంజిన్ పీల్చుకునేదీ ఆ పలచని వేడి గాలినే, కాబట్టి సరిగ్గా ఎక్కువ శక్తి కావాల్సిన వేళకే అది ఇవ్వగలిగేది తగ్గుతుంది. రెండు వైపులా నష్టమే. మిగిలిన దారి సరుకు తగ్గించడం, లేదా చల్లబడేదాకా ఆగడం.

బ్రిటిష్ సైన్యం లింక్స్ హెలికాప్టర్లకు ఇదే జరిగింది. హెల్మండ్ వేసవి పగళ్లలో అవి ఉపయోగపడలేదు. మూడో వంతుకు పైగా ఎక్కువ శక్తినిచ్చే కొత్త ఇంజిన్లు బిగించాక గానీ ఆ ఇబ్బంది తీరలేదు. లెక్కల పుస్తకంలో అవి ఎప్పుడూ ‘ఉన్న’ హెలికాప్టర్లే. మధ్యాహ్నం రెండింటికి మాత్రం లేనట్టే.

చినూక్ సంగతి వేరు. దానికి తోక రోటర్ లేదు. ముందొకటి, వెనకొకటి పెద్ద రోటర్లు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి కాబట్టి ఒళ్లు గిర్రున తిరిగిపోకుండా ఆపడానికి శక్తి వృథా కాదు, దాదాపు అంతా బరువెత్తడానికే పోతుంది. ఎత్తయిన వేడి ప్రదేశాల్లో అందరూ దాన్నే కోరుకునేది అందుకే. భారత వాయుసేన 15 చినూక్‌లు కొని, 2019 మార్చిలో చండీగఢ్‌లో సేవలోకి తీసుకోవడానికీ హిమాలయాల ఎత్తే ముఖ్య కారణం.

ఇక దుమ్ము. ఎడారిలో దిగుతున్న హెలికాప్టర్ రెక్కల చివర్లు రాత్రిపూట బంగారు వలయాల్లా మెరుస్తాయి. ఇసుక రేణువులు రెక్క అంచున ఉన్న లోహపు తొడుగును గీకితే రాలిన సూక్ష్మ కణాలు గాలిలో మండే వెలుగు అది. ఫొటోల్లో చాలా అందంగా ఉంటుంది. నిర్వహణ సిబ్బంది కళ్లకు మాత్రం అది కరిగిపోతున్న రెక్క.

అందుకే హెలికాప్టర్ల సంఖ్యను బస్సు డిపో లెక్కలా చూడాలి. డిపోలో వంద బస్సులున్నంత మాత్రాన రోడ్డు మీద వంద ఉండవు. కొన్ని పూర్తిగా విప్పి చేసే ఓవర్‌హాల్‌లో, కొన్ని స్పేర్ పార్టుల కోసం ఎదురుచూస్తూ, కొన్ని కొత్త పైలట్ల శిక్షణలో ఉంటాయి. అప్పట్లో బ్రిటన్ దగ్గర వాడుకలో ఉన్న చినూక్‌లు 40. వాటిలో చిన్న భాగమే ఏ సమయంలోనైనా హెల్మండ్‌లో ఉండగలదు. అలాంటప్పుడు ఇంకో ఎనిమిది చేరితే తేడా చిన్నది కాదు.

చదవడానికి వీల్లేని కోడ్

ఆ ఎనిమిదింటిని ప్రత్యేక దళాల కోసం 1995లో బోయింగ్‌కు ఆర్డర్ ఇచ్చారు. ఖర్చు సుమారు 25.9 కోట్ల పౌండ్లు. పాత తరహా ముల్లుల మీటర్లు, కొత్త డిజిటల్ తెరలు కలిపిన ప్రత్యేకమైన కాక్‌పిట్ కావాలన్నారు. 2001 డిసెంబరుకల్లా హెలికాప్టర్లు వచ్చాయి. అప్పుడు తెలిసింది, అందులోని సాఫ్ట్‌వేర్ సురక్షితమని బ్రిటిష్ ప్రమాణాల ప్రకారం నిరూపించే దారి లేదని.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. సాఫ్ట్‌వేర్ తప్పుగా ఉందని ఎవరూ తేల్చలేదు. ఒప్పుగా ఉందని తేల్చలేకపోయారు. లోహపు కడ్డీని లాగి చూస్తే ఎంత బరువుకు తెగుతుందో తెలుస్తుంది, అంతకు కాస్త తక్కువ బరువుకు తెగదని నమ్మవచ్చు. ప్రోగ్రామ్‌కు ఆ నమ్మకం ఉండదు. వెయ్యి గంటలు బాగా నడిచి, ఎప్పుడూ రాని రెండు సంకేతాలు ఒకేసారి వచ్చిన క్షణాన దారి తప్పవచ్చు. కాబట్టి ఎగిరించి చూస్తే చాలదు, కోడ్‌ను, అది రాసిన తీరును తెరిచి పరిశీలించాలి. ఆ కోడ్‌ను, దాని తయారీ రికార్డులను పరిశీలనకు ఇవ్వాలన్న షరతును ఒప్పందంలో సరిగ్గా రాసుకోలేదు. కోడ్ తయారీదారుల సొంత ఆస్తి.

ఇంత పట్టుదల అనవసరమని అప్పట్లో అన్నవారున్నారు. కానీ బ్రిటన్‌కు ఒక గతం ఉంది. 1994 జూన్ 2న స్కాట్లండ్‌లోని మల్ ఆఫ్ కింటైర్ దగ్గర చినూక్ ఎంకే-2 కూలి 29 మంది మరణించారు. ఆ రకం హెలికాప్టర్ ఇంజిన్‌ను నియంత్రించే సాఫ్ట్‌వేర్‌ను అంతకుముందే ఒక సంస్థ పరిశీలించింది. కోడ్‌లో 18 శాతం చూసేసరికే వందల లోపాలు కనబడి పరిశీలన ఆపేసింది. ప్రమాదానికి సాఫ్ట్‌వేరే కారణమని రుజువు కాలేదు. పైలట్లదే తప్పని మొదట తేల్చి, 2011లో ఆ నింద తొలగించారు. అలాంటి చరిత్ర ఉన్నచోట సంతకం పెట్టాల్సిన అధికారి చెయ్యి వణకడంలో ఆశ్చర్యం లేదు.

ఫలితంగా ఎంకే-3లకు దక్కిన అనుమతి ఇది: మబ్బుల్లేని రోజున, 500 అడుగుల పైన, నేల గుర్తులు చూసుకుంటూ ఎగరవచ్చు. శత్రు భూభాగంలో రాత్రిపూట నేలను తాకుతున్నంత కిందుగా వెళ్లాల్సిన హెలికాప్టర్లకు ఈ అనుమతి ఉన్నా లేనట్టే.

ఆ కాక్‌పిట్‌నే బాగుచేయాలని కొన్నేళ్లు ప్రయత్నించారు. ఈలోగా మిగతా చినూక్‌ల కోసం వీటి భాగాలు ఊడదీశారు. 2007 మార్చిలో ఆ ప్రయత్నం వదిలేసి, కొత్త పరికరాలు పీకి పాత ఎంకే-2 కాక్‌పిట్ పెట్టాలని నిర్ణయించారు. డబ్బు పెట్టి వెనక్కి నడవడమన్నమాట. అదే సమయంలో తక్షణావసరానికి డెన్మార్క్ దగ్గర ఆరు మెర్లిన్ హెలికాప్టర్లు కొన్నారు. మొత్తం ఖర్చు 42.2 కోట్ల పౌండ్లు దాటుతుందని బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయం 2008లో లెక్క చెప్పింది.

ఈ కరవు బ్రిటన్ ఒక్కదానిదే కాదు. సూడాన్‌లోని డార్ఫర్‌లో శాంతి పరిరక్షణకు ఐక్యరాజ్యసమితి 2007లో 24 సైనిక హెలికాప్టర్లు అడిగితే, 2010లో ఇథియోపియా ఐదు పంపేదాకా ఒక్కటీ రాలేదు. కాంగోలో ఏళ్లపాటు సేవలందించిన భారత వాయుసేన మి-35లు 2011లో స్వదేశానికి వచ్చేసినప్పుడు కూడా ఆ ఖాళీ వెంటనే నిండలేదు. దూరదేశానికి ఒక హెలికాప్టర్ పంపాలంటే దాని వెనక విడిభాగాలు, మెకానిక్‌లు, ఇంట్లో దాని స్థానంలో నిలిచే మరో హెలికాప్టర్ ఉండాలి. అది మిగిలిన దేశాలు తక్కువ.

మార్పులు చేసిన మొదటి ఎంకే-3, డానట్ హెల్మండ్ వెళ్లిన ఆ జులైలోనే పరీక్ష కోసం ఎగిరింది. సరికొత్త చినూక్‌లు 22 కొంటామని అదే ఏడాది డిసెంబరులో ప్రభుత్వం ప్రకటించింది. 2011లో ఆర్డర్ ఇచ్చేసరికి అవి 14 అయ్యాయి. మొదటిది 2013 చివర్లో బ్రిటన్‌కు చేరింది. 2014 అక్టోబరులో బ్రిటిష్ సేనలు క్యాంప్ బాస్టియన్‌ను అఫ్గాన్ సైన్యానికి అప్పగించి వెళ్లిపోయాయి.